వాకిట్లో అడిగిన మాట



సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ. పంచసూత్రాలు మనందరికీ నోటికొచ్చు. అందులో లేని ఒక సంగతి చెప్పాలనుకున్నాం. అది మా తప్పు సంగతే.

మా సంఘంలో ఒక చెల్లెలు మూడు నెలలు బ్యాంకు వాయిదా కట్టలేదు. ఒక్కరు ఆగితే అందరికీ వచ్చే అప్పు ఆగుతుంది కదా, మాకూ భయమే. లీడర్లం ఇద్దరం వెళ్లి వాకిట్లోనే నిలబడి అడిగాం. అత్తగారు అరుగు మీదుంది. పక్కింటివాళ్లు చూస్తున్నారు. "డబ్బు నా చేతిలో లేదక్కా" అంది. మేము "డబ్బు లేదు" అని విన్నాం. మినిట్స్ పుస్తకంలో "కట్టే ఉద్దేశం లేదు" అని రాశాం. ఆమె మీటింగుకు రావడం మానేసింది.

అంతకు వారం ముందే బ్యాంకులో మమ్మల్ని గంటసేపు నిలబెట్టి, మా మాట సగంలోనే "తెలుసు, తెలుసు" అని పంపేశారు. ఎంత బాధపడ్డామో! మళ్లీ అదే పని మేము ఆమెకు చేశాం. పుస్తకం, పెన్ను చేతిలో ఉంటే గొంతు పెద్దదవుతుందని అప్పటిదాకా మాకు తెలియలేదు.

తర్వాత ఉపాధి పని దగ్గర, చెట్టు కింద సద్ది తింటూ మళ్లీ అడిగాం. ఈసారి ఆమె మాటనే ఆమెకు తిరిగి చెప్పాం. "నీ చేతిలో లేదన్నావు. అంటే ఇంకొకరి చేతికిచ్చావా?" చాలాసేపు మాట్లాడలేదు. మేమూ ఆగాం. (ఆగడమే కష్టం, మాలో ఒకామెకు నాలుక దురద!) అప్పుడు చెప్పింది. మూడు వాయిదాలూ బ్యాంకులో కట్టమని భర్తకిచ్చింది. ఆయన కట్టలేదు. అత్త ముందు ఆ మాట ఎలా అంటుంది?

ఇప్పుడు అప్పు ఎవరికివ్వాలో లీడర్లం ఆఖర్న చెబుతున్నాం. ముందే చెబితే అందరూ "సరే అక్కా" అనేస్తారు. ప్రతి మాటా తిరిగి చెబుతుంటే ఒక పెద్దమ్మ "నేనన్నది నాకే అప్పజెప్తావేందే?" అని నవ్వింది. నిజమే, అవసరమైన చోట చాలు. ఇంట్లో పిల్లలతో మాత్రం మాకింకా అలవాటు కాలేదు.

ఆ చెల్లెలు ఇప్పుడు వాయిదా తన చేత్తోనే మీటింగులో కడుతోంది. పాత బాకీకి ఆరు నెలల గడువిస్తూ తీర్మానం చేశాం. ముందు రాసిన తప్పుడు మాట కొట్టేసి, అక్కడ ఆమెతోనే సంతకం పెట్టించాం.