పెంచిన చేతులే ఎందుకు వదిలేస్తున్నాయి?

ఈరోజు కొంచెం మనసుకు కష్టమైన విషయం మాట్లాడుకుందాం. పాతికేళ్ల పిల్లలు ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న కుక్కను కొన్నాళ్లకే తీసుకెళ్లి షెల్టర్‌లో ఎందుకు అప్పజెప్తున్నారు?

"ఈ కాలం పిల్లలకు ప్రేమ లేదండీ" అనేస్తాం. నేను ఒప్పుకోను. ప్రేమ ఉంది కాబట్టే తెచ్చుకున్నారు. లేనిది ఇల్లు.

మన నాగర్‌కర్నూల్ ఊళ్లే చూడండి. అక్కడ కుక్క ఒక్కరిది కాదు. అమ్మ ముద్ద పెడుతుంది, నాయిన వెంట చేనుకు పోతుంది, రాత్రి వాడకట్టంతా కాపలా కాస్తుంది. నల్లమల చెంచు పెంటల్లో అయితే మనిషి వెంటే అడవికి పోతుంది. కొడుకు చదువుకని పట్నం పోయినా దాని గిన్నె ఖాళీగా ఉండదు.

అదే కొడుకు హైదరాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని హస్కీనో ల్యాబ్రడార్‌నో తెచ్చుకుంటాడు. అక్కడ దానికి దిక్కు అతనొక్కడే. పొద్దున తలుపేసి ఆఫీసుకు పోతే అది రోజంతా అరుస్తుంది. పక్కింటివాళ్లు ఓనర్‌కు చెప్తారు. "కుక్కనైనా పంపించు, ఇల్లైనా ఖాళీ చెయ్" అంటాడాయన. ఈలోపు బెంగళూరులో కొత్త ఉద్యోగమో, పెళ్లో. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని చేస్తూ తెచ్చుకున్నవాళ్లకు ఆఫీసులు తెరిచాక ఇదే తిప్పలు.

కుక్క ఆయుష్షు పది, పన్నెండేళ్లు. అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలు. లెక్క తప్పుతున్నది ఇక్కడే.

మరి షెల్టర్ ఉంది కదా అంటారు. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటివి ముఖ్యంగా దెబ్బలు తగిలిన, దిక్కులేని జీవాల కోసం పుట్టినవి. మన మంచం పక్కన పడుకున్న కుక్క అక్కడి అరుపుల మధ్య బెంగతో తిండి మానేస్తుంది. పోనీ రోడ్డు మీద ఆకలిదప్పులకు వదిలేస్తే, అది నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. చాయ్, సమోసా ఖర్చు! చట్టం మనల్ని ఆపదు, మనమే ఆగాలి.

ఊరికి పంపిద్దామంటే హస్కీ చలిదేశపు కుక్క, పాలమూరు ఎండకు అల్లాడిపోతుంది. అందుకే తెచ్చుకునే ముందే ఆలోచించండి. మన ఎండకు అలవాటైన నాటు కుక్కపిల్లను దత్తత తీసుకోవచ్చు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే ఓనర్‌ను అడగండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది, అది తెలుసుకుని ఉండండి. ఇప్పటికే ఇబ్బందిలో ఉంటే, ఇల్లు ఖాళీ చేసే రోజు దాకా ఆగకండి. నెలల ముందే స్నేహితుల్లో, బంధువుల్లో ఒక ఇల్లు వెతకండి.

అన్నిటికన్నా ముఖ్యం, "రేపు నేను లేకపోతే దీన్ని ఎవరు చూస్తారు?" అని అడుగుకోండి. జవాబుగా ఒక మనిషి పేరు రావాలి. ఆ మనిషి కూడా సరే అనాలి. అప్పుడు తెచ్చుకోండి, హాయిగా పెంచుకోండి. పేరు రాకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి, తప్పేం లేదు.

మీ ఇంట్లో కుక్కపిల్ల కావాలని అడుగుతున్న పిల్లలుంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి. మళ్లీ కలుద్దాం, సెలవు.