ఓటర్ల జాబితాలో 251 మంది



దక్షిణాఫ్రికాలోని నేటాల్ అప్పట్లో ఇంగ్లీషు వారి వలస రాజ్యం. 1860లో మద్రాసు రేవు నుంచి అక్కడికి మొదటి కూలీల ఓడ వెళ్ళింది. తర్వాత తెలుగు జిల్లాల వారూ ఎందరో ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారి వెనుక గుజరాతీ ముస్లిం వర్తకులు వెళ్ళి అంగళ్ళు పెట్టారు.

అక్కడ ఓటు కావాలంటే 50 పౌన్ల స్థిరాస్తి ఉండాలి, లేదా ఏటా 10 పౌన్ల అద్దె కడుతుండాలి. కూలివానికి అంత ఎక్కడిది? 1895 నాటి జాబితాలో తెల్లవారు 9,309 మంది, మనవారు 251 మంది. ఆ కొద్దిమందే వారి కంట్లో నలుసయ్యారు!

మనవారి ఓటు తీసివేయాలని 1894లో బిల్లు తెచ్చారు. దాదా అబ్దుల్లా గారి ఇంట్లో సభ జరిగింది. గాంధీగారు అర్జీ వ్రాశారు. వర్తకులు సొంత ఖర్చుతో బండ్లు కట్టుకొని ఊరూరా తిరిగి పదివేల సంతకాలు తెచ్చారు. లండన్ ప్రభుత్వం ఆ బిల్లుకు ఆమోదం ఇవ్వలేదు.

అయితే 1896లో అదే చట్టం వేషం మార్చుకొని వచ్చింది. మనవారి పేరు ఎత్తలేదు. పార్లమెంటు పద్ధతి ఎన్నికలు లేని దేశాల వారికీ, వారి సంతతికీ ఓటు లేదన్నారు. మరి మన దేశంలో అలాంటి ఎన్నికలు లేకుండా ఉంచినదెవరు? ఆ దొరలే గదా! అప్పటికే జాబితాలో ఉన్నవారిని మాత్రం ఉంచారు. తండ్రికున్న ఓటు కొడుక్కి లేకపోయింది.

అందరితో సమానంగా ఓటు వేసే రోజు అక్కడ 1994 ఏప్రిల్ 27న గాని రాలేదు. కనుక ఇంటికి వెళ్ళగానే జాబితా తెప్పించి చూడండి. మీ పేరే కాదు, ఇంట్లో ఆడవారి పేర్లు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.