సొరచేప పన్ను చెప్పే సముద్రం కథ



సొరచేప అస్థిపంజరం మెత్తటి మృదులాస్థి కాబట్టి చచ్చాక సాధారణంగా మిగలదు. పళ్ళు మాత్రం మిగులుతాయి. ఒక్క సొరచేప జీవితకాలంలో వేల పళ్ళు రాలుస్తుంది. పన్ను తయారయ్యేటప్పుడు చుట్టూ ఉన్న నీటిలోని ఆక్సిజన్ దాని గట్టి పైపొరలో చేరి కోట్ల ఏళ్ళు నిలుస్తుంది.

ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి. సముద్రపు నీటికన్నా వాననీటిలో, నదుల నీటిలో బరువు రకం తక్కువ. నీటి వేడిని కూడా లెక్కలోకి తీసుకుని, పంటిలో ఈ రెండింటి పాళ్ళు కొలిస్తే ఆ నీరు ఎంత ఉప్పగా ఉండేదో అంచనాకు వస్తుంది.

కెనడా ఉత్తరాన బ్యాంక్స్ దీవిలో దొరికిన, సుమారు 5 కోట్ల ఏళ్ళ నాటి సొర పళ్ళను ఇలాగే పరీక్షించారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వాటి ప్రకారం, వెచ్చగా ఉన్న ఆనాటి ఆర్కిటిక్ సముద్రంలోకి మంచినీరు విపరీతంగా చేరేది. నీరు ఉప్పు తక్కువగా ఉండేది. ఈనాటి శాండ్ టైగర్ సొరలు ఇష్టపడని అలాంటి నీటిలోనే వాటి పూర్వపు బంధువులు బతికాయి.

నేడు మళ్ళీ ఆర్కిటిక్ వేడెక్కుతోంది. అక్కడ రాబోయే మార్పులను అర్థం చేసుకోవడానికి ఈ పళ్ళు నమ్మదగిన సాక్ష్యాలు. అందుకే ఇలాంటి శిలాజాలను కాపాడుకుందాం.