చిక్కడపల్లికి వీడ్కోలు
1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరింపగా కర్నూలునుండి తరలివచ్చిన ఉద్యోగుల కుటుంబములకు హైదరాబాదు తొలుత పరాయి సీమయే. ఉర్దూ కలిసిన పలుకుబడియు, ఎంతసేపు కూర్చున్నను లేవమనని ఇరానీ హోటళ్లును వారికి వింతగొలిపినవి. తరువాతి తరమువారు రాష్ట్ర విభజన పిమ్మట 2016లో కృష్ణాతీరమందలి వెలగపూడి సచివాలయమునకు తరలిపోవునపుడు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోని సంగీత నాటకముల సాయంకాలములను, నగర కేంద్ర గ్రంథాలయమున పోటీపరీక్షలకై దీక్షతో చదువుకొను యువకులను తలచుకొని ఖిన్నులైరి. కుటుంబములను ఇక్కడనే ఉంచి వారాంతమున వచ్చిపోవువారును కలరు.

అశోక్‌నగర్ చేరువను హుస్సేన్‌సాగర్ నాలా పొంగుటయు, నారాయణగూడ కూడలిలో ఆటోవాడు అడిగిన బాడుగ విని నివ్వెరపోవుటయు కూడ జ్ఞాపకములే. ఆ బాడుగను మాత్రము నేనింకను క్షమింపజాలను! మెట్రో నిర్మాణమునకై త్రవ్విన బాటలలో దుమ్ము మ్రింగినవారు, 2020 ఫిబ్రవరిలో ఆ రైలు చిక్కడపల్లి మీదుగా నడచునాటికి కృష్ణాతీరమున కొలువు చేయుచుండిరి.

అట్టివారు ఈ ప్రసంగము వినుచున్నచో, వీలు చిక్కినపుడు వచ్చి చిక్కడపల్లి స్టేషనులో దిగుడు, ఆటోతో పనిలేదు.