పప్పు ఉడకని నీళ్లు

విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచిన ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం దాటి భీమడోలు మీదుగా పోతుంది. వేసవిలో కాలువ కట్టేసేలోగా డెల్టా ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. అవి అడుగంటితే బోరే దిక్కు.

తేడా ముందు వంటింట్లోనే తెలుస్తుంది. భూమి పొరల్లో ఊరిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. దీన్నే కాఠిన్యం అంటారు. ఆ కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టి బిగిస్తుంది. కందిపప్పు ఓ పట్టాన మెత్తబడదు. సబ్బు నురగ రాదు. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతుంది. కొల్లేరు వైపు చాలాచోట్ల దీనికి ఉప్పదనం కూడా తోడు!

2012 నాటి భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చు. కాస్తే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది అలాగే ఉంటుంది.

నిజానికి కాఠిన్యం చికాకే తప్ప పెద్ద గండం కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు శాస్త్రవేత్తలు నీళ్లనూ పరీక్షించారు. వాళ్లు వెతికింది సీసం వంటి లోహాల కోసం, పురుగుమందుల కోసం.

పప్పు ఇట్టే ఉడికించే కాలువ నీళ్లనూ గుడ్డిగా నమ్మడానికి లేదు. పటిక బురదను దించుతుంది, క్రిముల్ని చంపదు. తేరిన నీళ్లను మరిగించాలి, లేదా క్లోరిన్ కలపాలి.