రాజ్యములు మారినను బడి నిలువవలెను
(పరిగి వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని నిర్వాహకులు మమ్ము ఆదేశించిరి. విద్య గొప్పదని చెప్పుటకు ఇంతమంది కూడనక్కరలేదు. అది యెరుగనివారు ఈ పందిటిలో లేరు. నేడు మనమధ్య నున్న వివాదము వేరు. సంఘనిధిలో చేరిన ద్రవ్యముతో పరిగిలో కల్యాణమండపము కట్టవలెనని కొందరును, విదేశములకు పోవు యువకులకు ఋణము లీయవలెనని కొందరును, పల్లెబాలికలకు వసతిగృహము కట్టవలెనని మరికొందరును వాదించుచున్నారు. సాయంకాలము ఈ తీర్మానము సభ యెదుటికి రానున్నది. అంతకు పూర్వము, మన సీమలో చదువు ఎట్లు నడచెను, ఎప్పుడెప్పుడు ఆగెను, ఆగినపుడు దానిని ఎవరు నిలిపిరి అను మూడు సంగతులను పెద్దలకు విన్నవింప దలచితిమి.

యుద్ధము వచ్చినచో చదువు ఆగునని లోకులు తలంతురు. అది సగమే నిజము. ఇంగ్లండు దేశము మొదటి మహాయుద్ధము ముగియకమునుపే, 1918లో, పిల్లలు పదునాలుగేండ్లవరకు బడిలో నుండవలెనని ఫిషరు చట్టమును చేసెను. రెండవ మహాయుద్ధము నడుచుచుండగనే, 1944లో, బట్లరు చట్టముచే ప్రభుత్వ పాఠశాలలలో మాధ్యమిక విద్యకు జీతములు తీసివేసెను. అదే 1944లో భారతదేశమునకును సార్జెంటు నివేదిక యను ప్రణాళిక యొకటి వచ్చెను. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకుగల పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్య నొసగుటకు అది నలువది సంవత్సరముల గడువు కోరెను. 1950లో మన రాజ్యాంగము ఆ గడువును పదేండ్లకు కుదించెను. పదియు గడచెను, నలువదియు గడచెను. విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి, 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. గోఖలే మహాశయుడు ఇట్టి చట్టమునే కోరుచు 1911లో బిల్లు తెచ్చెననియు, 1912లో అది వీగిపోయెననియు తలచినచో, ఈ ఆలస్యము ఎంత దీర్ఘమో తెలియును. కావున చదువు నాపునది యుద్ధ మొక్కటియే కాదు. ప్రజల బిడ్డలను తమ బిడ్డలుగా చూచువారున్నచో రణకాలమునను బడి పెరుగును. లేనిచో శాంతికాలమునను తరుగును.

ఇక మన సీమకు వత్తము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమయ్యెను. ఇంగ్లీషును కాదని, దేశభాషయగు ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పుట నాడు భారతదేశమున గొప్ప సాహసము. దాని ఘనతను మేము తక్కువ చేయము. కాని ఈ రాజ్యమున ఇంచుమించు సగముమందికి తెలుగు ఇంటిభాషగా నుండెను. పరభాషలో చదువరాదను న్యాయముతో పుట్టిన ఆ విద్య, పరిగి తాలూకాలోని రైతుబిడ్డకు మరల పరభాషయే అయ్యెను. పాలకుల భాష మారెను గాని పల్లెవాని ఇక్కట్టు మారలేదు.

తెలుగువారి మాటకు నాడు పట్టణమున ఎంత విలువ యుండెనో 1921 నవంబరునందు హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలలో జరిగిన సంఘసంస్కారసభ చూపినది. కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన ఆ సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా, సభికులు కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. పిదప కొలదికాలమునకే ఖాన్గీ బడి పెట్టుటకు సర్కారు అనుమతి ముందుగా పొందవలెనను నిబంధన వచ్చెను. ఊరూర పంతులు అరుగుమీద నడుపుకొను బడులు బహుళముగా మూతబడెను. 1930లో జోగిపేటనుండి మొదలైన ఆంధ్రమహాసభలు, మన పొరుగుననున్న షాదునగరున 1936లో కొండా వేంకటరంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగిన సభతో సహా, మాతృభాషలో ప్రాథమికవిద్యను కోరుచునే యుండెను.

అయినను మన పెద్దలు కోరుచు కూర్చుండలేదు. 1910లోనే భాగ్యరెడ్డివర్మగారు అంటరానివారనబడిన పిల్లల కొరకు హైదరాబాదున బడి తెరచి, ఒకటి వెంట ఒకటిగా బడులను పెంచిరి. 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలసెను. దాని పేరు ఒక కులముదైనను, ఇతర కులముల విద్యార్థులును అందు తలదాచుకొనిరి. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలునకు కార్యదర్శిగా పనిచేసిరి. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1943లో ఆ హాస్టలులోనే పురుడు పోసుకొని, బడిలో తెలుగు దొరకని వేలమందికి పరీక్షలద్వారా తెలుగు నేర్పెను.

మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగుబాలికలకై ఉన్నతపాఠశాలను పెట్టిరి. తెలుగున బోధించు బడికి ఇచ్చట గుర్తింపు దొరకదయ్యెను. అప్పుడు వారు పూనా మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించిరి. అది ఎవరిది? ఆ 1921 సభకు అధ్యక్షుడైన కార్వే పండితునిదే! తెలుగుమాటకు గేలి జరిగిన సభాపతి యొద్దనే తెలుగుబాలికల బడికి అండ దొరకినది. అవమానమును వైరముగా పెంచక, పని సాధించుకొనిన ఆ పెద్దల నేర్పును మనము గమనింపవలెను.

1938లో వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు పెక్కుమంది కళాశాలలనుండి వెడలగొట్టబడిరి. నాగపురి విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచెను. అట్లు వెడలినవారిలో పి. వి. నరసింహారావుగారొకరు. ఆయన ముఖ్యమంత్రిగా నుండగా, 1971లో, నల్లగొండ జిల్లా సర్వేలులో పేదబిడ్డలకు గురుకులపాఠశాల వెలసెను. ఒకచోట మూయబడిన తలుపు, ఒకరు తెరచినందున, ముప్పదిమూడేండ్లకు మరి యెందరికో తెరువబడిన దన్నమాట.

1947, 1948 సంవత్సరముల సంక్షోభము పెద్దల నోట వినియే యుందురు. చేరుడు భారతము అను ఉద్యమమున విద్యార్థులు చదువులు విడచిరి. రజాకార్ల భయమున పల్లెలు ఖాళీయయ్యెను. 1948 సెప్టెంబరున సైనికచర్య జరిగి రాజ్యము మారెను. విశ్వవిద్యాలయమున ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చెను. 1951 జనాభాలెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందికైనను అక్షరము రాదు. 1952లో ఉపాధ్యాయుల నియామకములపై వరంగల్లున రేగిన ముల్కీ వివాదము హైదరాబాదు సిటీకళాశాలయొద్ద కాల్పులవరకు పోయెను. 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకృతము లయ్యెను. గుల్బర్గా జిల్లాలోని తాండూరు, కొడంగలు తాలూకాలు తెలుగుసీమలో చేరెను. బడి కదలలేదు, బిడ్డ కదలలేదు, కాగ్నా నది కదలలేదు. ఎల్ల మాత్రమే కదలెను. ఎల్లతోబాటు కచేరీలును, పుస్తకములును, పరీక్షలును మారెను.

1969 ఉద్యమమున మాసములకొలది కళాశాలలు నడువలేదు. ఎందరో విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. 2011 సకలజనుల సమ్మె నలువదిరెండు దినములు సాగెను. ఉపాధ్యాయులును అందు చేరగా బడులు మూతబడెను. 2014 జూను 2న తెలంగాణము ఏర్పడెను. 2016లో మన వికారాబాదు జిల్లా యయ్యెను. ఆ యుద్యమముల న్యాయాన్యాయములను తూచుటకు మేము ఇచ్చటికి రాలేదు. ఈ పందిటిలోనే వానిలో పాల్గొనినవారును, దెబ్బలు తినినవారును ఉన్నారు. మేము చెప్పునది యొక్కటియే. బడి మూతబడిన దినములలో కలవారి బిడ్డ ఇంటియొద్ద పంతులను పెట్టుకొని చదివెను. లేనివారి బిడ్డ పనిలోనికి పోయెను. పోయినవారిలో కొందరు మరల బడికి రాలేదు. ముఖ్యముగా బాలికలు రాలేదు.

భాషావివాదమును ఇట్టిదే. 2018లో చట్టముచే అన్ని బడులలో తెలుగు నేర్పుట విధి యయ్యెను. 2022లో సర్కారుబడులలో ఇంగ్లీషు మాధ్యమము మొదలయ్యెను. తెలుగు పోవునని కొందరును, ఇంగ్లీషు లేనిదే కొలువు దొరకదని కొందరును వాదించుచున్నారు. ఇరువురి మాటలోను సత్యమున్నది. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరల ఇంగ్లీషు: నూరేండ్లలో ఈ మార్పు లన్నియు జరిగినవి. ప్రతి మార్పునను దెబ్బతినినది, ఇంటియొద్ద చదువు చెప్పువారు లేని బిడ్డయే. మాధ్యమమును నిర్ణయించు అధికారము మన సంఘమునకు లేదు. ఏ మాధ్యమమైనను, సాయంకాలము దీపముక్రింద కూర్చుండ బెట్టి చదివించు చోటును కల్పించుట మన చేతిలో నున్నది.

ఇప్పుడు మూడు పక్షముల మాట. విదేశవిద్యకు ఋణము లీయవలెననువారు మన యువకుల ఉన్నతిని కోరువారే. వారిని మేము తప్పుపట్టము. కాని 2022 ఫిబ్రవరిలో యుక్రెయినున యుద్ధము రేగగా, అచ్చట వైద్యవిద్య చదువుచుండిన వేలకొలది భారతీయ విద్యార్థులు, మన తెలుగుబిడ్డలతో సహా, పుస్తకములు విడచి నేలమాళిగలలో దాగి, ఎట్లెట్లో ఇల్లు చేరిరి. 2025లో అమెరికా ప్రభుత్వము విద్యార్థుల వీసా ముఖాముఖులకు కొన్ని వారములు క్రొత్త తేదీల నీయలేదు. అట్టి యెదురుదెబ్బలకు ఓర్చుకొనుటకు సంపన్నుల యిండ్లకు బలముండును. చదువుఋణముల కొరకు బ్యాంకులున్నవి. పదవ తరగతి ముగిసిన పల్లెబాలిక, బస్సులేని ఊరినుండి పరిగికి వచ్చుటకు ఏ బ్యాంకు ఋణమిచ్చును?

మండపము కట్టినచో అద్దె వచ్చుననియు, ఆ అద్దెతో విద్యార్థివేతనములు ఈయవచ్చుననియు ఇంకొక పక్షము. లెక్క వినుటకు బాగుగనే యున్నది. కాని మూఢములోను, శూన్యమాసములలోను మండపమునకు తాళము పడును. బిడ్డ ఆకలికి మూఢము లేదు. పైగా కట్టడము ముగిసి, అప్పు తీరి, అద్దె మిగులునాటికి, నేడు ఎనిమిదవ తరగతిలో నున్న బాలిక తల్లియై యుండును.

గురుకులము లుండగా మనకేల యని కొందరు అడిగిరి. గురుకులమున చోటు పరీక్షలో గెలిచినవారికే. చోటు దొరకనివారికే మన ఇల్లు కావలెను. పత్తి యేరు దినములలో, కంది కోయు దినములలో, మన పల్లెబడులలో ఖాళీయగు స్థలములు ఎవరివో అయ్యవార్ల నడుగుడు. తాండూరు కందికి 2022లో భౌగోళికసూచిక యను గుర్తింపు వచ్చెను, మనమందరము సంతసించితిమి. ఆ కంది కోయు బాలిక పేరు బడిపట్టీలో నిలుచునట్లు చేసిన నాడు ఆ సంతోషము పూర్ణమగును.

కావున బాలికల వసతిగృహమునకే నిధిని మొదట వినియోగింపవలెనని మా మనవి. దానికి అయిదు నియమములను సూచించుచున్నాము.

ఒకటి: అందు అన్ని కులముల బాలికలకును ప్రవేశముండవలెను. ఇది మన కులపు సొమ్ము గదా యని అడుగువారికి, రెడ్డి హాస్టలు పేరు నేటికిని ఎందుకు నిలిచెనో తలచుకొనుడని మనవి.

రెండు: గృహనిర్వాహకులలో నెవరైనను ఎన్నికలలో నిలువదలచినచో, ముందుగా ఆ పదవిని విడువవలెను. ఏ పక్షపు జెండాయు ఆ గోడమీద నుండరాదు. పక్షము ఓడిన నాడు బియ్యము ఆగరాదు.

మూడు: బందులు, సమ్మెలు, అల్లరులు జరిగి బడి మూతబడినను, గృహమున చదువు ఆగరాదు. మూడుమాసములకు సరిపడు ధాన్యము, పప్పు ఎల్లప్పుడు నిలువయుండవలెను. పంటనాడు ఇంటికొక కుంచెడు కందులు ఇచ్చినచో ఇది కష్టము కాదు.

నాలుగు: ప్రతి సాయంకాలము ఒక గంట తెలుగును, ఒక గంట ఇంగ్లీషును చదివింపవలెను. తాండూరు ప్రక్క బాలికలు కన్నడమును, ఉర్దూను కోరినచో అదియు ఏర్పరుపవలెను. ఎల్లలు మారిన సీమలో నాలుగు భాషలు వచ్చుట బరువు కాదు, బలము.

అయిదు: ప్రతి వార్షికసభయందును జమాఖర్చులను పైసాతో సహా చదివి వినిపింపవలెను.

మహాశయులారా, నూరేండ్లలో ఈ నేలమీద ఎన్ని రాజ్యములు, ఎన్ని ఎల్లలు, ఎన్ని మాధ్యమములు మారెనో విన్నవించితిమి. ఇకముందును మారవని ఎవరు చెప్పగలరు? అవి మన చేతిలోనివి కావు. హాస్టలు, బడి, పరిషత్తు నిలిపిన పెద్దలకును అవి చేతిలో లేవు. తమ చేతిలో నున్నదానిని మాత్రము వారు విడువలేదు. సాయంకాలము తీర్మానమునకు చేయి ఎత్తునపుడు, మీ ఊరిలో ఈ యేడు బడి మానిన బాలిక పేరొకటి మనసున తలచుకొని ఎత్తుడు. అంతకుమించి మేము కోరునది లేదు.