కంచె పని గుత్తకిచ్చునపుడు

ఇల్లు కట్టించువారు పునాది విషయమున చూపు శ్రద్ధ కంచె విషయమున చూపరు. గృహప్రవేశమైనది, చుట్టములు వెళ్లిపోయిరి, చేతిలోని సొమ్మును వారితోపాటే వెళ్లిపోయినది. ఇక మిగిలినది కంచె యొకటే కదా యని, ఎవరు తక్కువకు చేసెదమన్న వారికే ఆ పని అప్పగింతుము. నేను చేసినదియు అదియే. దానివలన నాకు రెండుసార్లు ఖర్చైనది. ఒక మంచి స్నేహము చెడిపోవలసినది తృటిలో తప్పినది. ఈనాడు శ్రోతలకు చెప్పదలచినది ఆ అనుభవమును, పిమ్మట నేను విచారించి తెలిసికొన్న సంగతులును.

మా స్థలము గుంటూరు శివారున ఉన్నది. నేల నల్లరేగడి. వీధి వైపు ప్రహరీ గోడ ముందే కట్టించితిమి. ప్రక్కలు రెండును 75 అడుగుల చొప్పున, వెనుక 50 అడుగులు, వెరసి 200 అడుగుల మేర సిమెంటు స్తంభములు పాతించి, చైన్ లింకు జాలీ కట్టింపవలెనని మా సంకల్పము. కబురు పంపగా ఇద్దరు వచ్చిరి.

మొదట వచ్చిన మేస్త్రి స్థలమంతయు కాలినడకను చుట్టివచ్చెను. గడ్డపార అడిగి తీసికొని ఒక మూల మన్ను పెకలించి, వ్రేళ్లతో నలిపి చూచెను. "ఇది రేగడి అయ్యగారూ, రెండున్నర అడుగులు దిగకపోతే నిలబడదు" అనెను. తరువాత హద్దురాళ్లు చూపుమనెను. నేను చూపలేకపోతిని. పిచ్చిచెట్ల నడుమ ఎచ్చటనో ఉండవలెనంటిని. "రాళ్లు తేలందే నేను గుంత తియ్యనండి. రేపు పక్కవారితో మాట మీకూ వస్తుంది, నాకూ వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయెను. ఇతనికి పని అక్కరలేదు కాబోలు ననుకొంటిని.

రెండవ ఆయన వీధిలో నిలబడియే లెక్క కట్టెను. మొదటి మేస్త్రి చెప్పిన సొమ్ములో ముప్పాతిక వంతునకే చేసెదననెను. సగము ముందిమ్మనెను, ఇచ్చితిని. నాలుగు దినములలో కంచె నిలిచినది. వచ్చినవారందరు చక్కగా ఉన్నదనిరి. నేనును మురిసితిని.

రేగడి నేల గుణము మన రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అది నీరు త్రాగి ఉబ్బును. ఎండకు ముడుచుకొని, చేయి దూరునంత నెర్రెలు విచ్చును. ఏటేట జరుగు ఈ ఉబ్బుటలో, ముడుచుకొనుటలో పైపైన పాతిన ప్రతి వస్తువును కదలిపోవును. ఆ యేటి వానలకే మా వెనుకటి మూల స్తంభము లోపలికి ఒరిగినది. జాలీ లాగుడంతయు మూలల మీదనే కదా పడునది! దానిని తట్టుకొనుటకు మూల స్తంభమునకు రెండు ప్రక్కల ఏటవాలుగా ఊతములు నిలుపవలెను. మాకు ఒక్కటియు లేదు. మూల ఒరుగగానే తక్కిన జాలీ ఆరవేసిన తడిబట్టవలె వ్రేలాడినది.

స్తంభమును పెకలించి చూచితిమి. లోతు అడుగున్నరకు తక్కువ. నేల మట్టమున మాత్రము రెండు బొచ్చెల కాంక్రీటు. దాని క్రింద ఇటుక ముక్కలు, మన్ను. అప్పుడు స్తంభములు లెక్కించితిని. ఎనిమిది అడుగుల కొకటి చొప్పున 26 వరకు ఉండవలసిన చోట 18 మాత్రమే ఉన్నవి. చౌక ఎచ్చటినుండి వచ్చినదో తెలియుటకు అంతకన్న సాక్ష్యమేల? నాలుగు దినములలో పని ముగించుటయు నేర్పు కాదు. స్తంభము చుట్టు పోసిన కాంక్రీటును కనీసము వారము దినములు తడిపి, గట్టిపడనిచ్చి, ఆ పిమ్మట జాలీ లాగి బిగింపవలెను. ఆ వారము మాకు ఎగవేయబడినది.

అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి వచ్చినది. మా ప్రక్కింటివారు ఉపాధ్యాయులు. వారు సెలవులకు స్వగ్రామము వెళ్లియుండగా మా కంచె లేచినది. తిరిగివచ్చి టేపుతో కొలిచి చూచుకొనగా, వెనుక మూలన మూరెడు మేర వారి స్థలములోనికి పోయినదట. మాస్టారు నోరు తెరిచి ఏమియు అనలేదు. కాని ఉదయమున పత్రిక కొరకు మా ఇంటికి వచ్చుట మానిరి. అంతకుముందు రెండిండ్ల పిల్లలును ఒకే పెరటిలో ఆడుకొనెడివారు. ఆ ఆటయు ఆగిపోయినది. గట్టు తగాదాలు పల్లెటూళ్లలోనే అని మనము అనుకొందుము. మూరెడు నేల పట్టణమునందును మూరెడే. చివరకు నేనే వారింటికి వెళ్లి, "మాస్టారూ, పొరపాటు నాది, రాళ్లు చూడకుండ వేయించితిని, సర్వేయరును పిలిపించి ఇద్దరమును నిలబడి కొలిపింతము" అంటిని. సర్వే శాఖకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి కొలిపించితిమి. రాళ్లు బయటపడినవి. మాస్టారి టేపు తప్పలేదు.

ఇక రెండవ మారు పనివానిని ఎట్లు ఎంచుకొంటినో చెప్పెదను. కంచెలో మంచి చెడ్డలు భూమి లోపలి భాగముననే ఎక్కువగా ఉండును. ఆ భాగము పని ముగిసిన పిమ్మట మన కంటికి కనబడదు. కావున ఆ కనబడని దానిని గూర్చి ఎవడు ముందుగా మాటలాడునో అతనిని నమ్మవచ్చునని నాకు తోచినది. నేల ఎట్టిదని, హద్దు ఎక్కడిదని, నీరు ఎటు పారునని అడుగువాడు పని తెలిసినవాడు. అడుగుకు ఎంత అను మాటతో మొదలుపెట్టువాడు లెక్క మాత్రమే తెలిసినవాడు.

అతడు వేసిన కంచెలను చూడవలెను. క్రిందటి నెలలో వేసినది చూచిన ప్రయోజనము లేదు. అది ఎవరు వేసినను నిటారుగానే ఉండును. రెండు వానకాలములు చూచిన కంచెను చూపుమనవలెను. వీలైనచో అతడు చూపినది కాక, వేరొకదానిని మనమే వెదకి చూచుట మేలు. ఇనుప సామాను అంగడివారిని అడుగుట ఒక మార్గము. ఏ మేస్త్రి ఏ తీగ కొనుచున్నాడో, ఎవని బాకీలు ఎంత కాలము నిలిచియున్నవో వారికి తెలిసినంత మరెవ్వరికి తెలియదు. అయితే మేస్త్రికిని అంగడికిని నడుమ కమీషను ఉండుట కద్దు గనుక, ఆ మాటను కొంత తగ్గించియే వినవలెను.

తీగ విషయమున ఒక చిన్న మోసము తరచుగా జరుగును. గేజి సంఖ్య పెరిగినకొలది తీగ సన్నమగును. 10 గేజి తీగ సుమారు 3.2 మిల్లీమీటర్ల మందము. 12 గేజి 2.6, 14 గేజి రెండు మాత్రమే. ఒకే పొడవు తీసికొన్నచో 12 గేజిలో ఉన్న ఇనుములో నూటికి 60 వంతులే 14 గేజిలో ఉండును. చూచుటకు రెండు జాలీలును ఒకే తీరు. "చైన్ లింకు జాలీ" అని మాత్రమే వ్రాసిన కాగితము వలన లాభము లేదు. గేజి ఎంత, కన్ను ఎంత, జింకు పూత ఎట్టిది అను మూడును బిల్లులో ఉండవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ చైన్ లింకు జాలీకి 2721, ముళ్లతీగకు 278 సంఖ్యలు గల ప్రమాణములను ఏర్పరచినది. వాటిని పేర్కొని అడిగినచో అంగడివాడు సర్దుకొని మాటలాడును. విశాఖ, కాకినాడ, మచిలీపట్నముల వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉన్నవారు జింకు పూత విషయమున పట్టుదలగా ఉండవలెను. ఉప్పుగాలికి పలుచని పూత నిలువదు. రాతి గుంజలు, తెలంగాణములో కడీలందురే, అవి సులభముగా దొరకు చోట నేనైతే వాటినే వాడుదును. వాటికి తుప్పు భయము లేదు.

సొమ్ము చెల్లించుటలో సామానును మనమే కొని, కూలిని మాత్రము గుత్తకిచ్చుట మధ్యతరగతివారికి క్షేమము. ఒప్పందము కాగితము మీద ఉండవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము నోటిమాట ఒప్పందమును కాదనదు; కాని నోటిమాటను రుజువు చేయుట ఎవరి తరము? పనిలో లోపమున్నచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రెండేండ్ల లోపల జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. నేను చేయలేకపోతిని. నా వద్ద రసీదు లేదు, కాగితము లేదు, ఆయన ఫోను నంబరు మాత్రము ఉన్నది. అది పలుకుట మానినది.

మొదటి మేస్త్రినే మరల పిలిపించితిని. నాకు సిగ్గుగానే ఉండెను గాని అతడు ఆ ఊసు ఎత్తలేదు. అయిదవ వంతు ముందుగాను, గుంతలన్నియు త్రవ్వి నాకు చూపిన పిదప కొంతయు, జాలీ బిగించిన పిదప కొంతయు, ఆఖరి పదవ వంతు ఒక వానకాలము గడచిన మీదటను ఇచ్చునట్లు వ్రాసికొంటిమి. ఈ ఆఖరి షరతునకు ఒప్పుకొనడేమోనని జంకితిని. "మంచిదేనండి, వానలయ్యాక నేనే వచ్చి చూసుకుంటాను" అనెను. రెండున్నర అడుగుల కర్ర నొకదానిని కోసి పిల్లల చేతికిచ్చితిని. గుంత గుంతకు దింపి, కర్ర కొన పైకి కనబడిన చోట "ఇంకా తవ్వాలి" అని కేకలు వేయుట వారికి పెద్ద ఆటయైనది. మాస్టారి పిల్లలును వచ్చి చేరిరి. మాస్టారు తామే వచ్చి, రెండు పెరళ్ల నడుమ చిన్న తలుపొకటి పెట్టింపుమని కోరిరి; పెట్టించితిమి.

కార్తికమాసమున మేస్త్రి వచ్చెను. స్తంభము స్తంభమును పట్టి ఊపి చూచెను. వెనుక మూలన ఊతము మొదట నీరు నిలిచి మన్ను కొంత క్రుంగియుండగా, అచ్చట రెండు తట్టల కంకర వేసి దిమ్మిస చేసెను. మిగిలిన సొమ్ము ఆ సాయంకాలమే ఇచ్చి, రసీదు వ్రాయించుకొంటిని.